కడియపులంక నర్సరీ: ఫెర్న్‌ల నీడ నుంచి తామర తొట్టి దాకా

రాజమహేంద్రవరానికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో, గోదావరి తూర్పు డెల్టా కాలువ నీటితో బతికే కడియం, కడియపులంక, వేమగిరి, బుర్రిలంక గ్రామాల్లో నర్సరీలు వందల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో మేము చాలా కాలంగా మొక్కలు తెచ్చుకుంటున్న కడియపులంకలోని ఒక నర్సరీ గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. గులాబీలు, మందారాలు, మామిడి అంట్లు ఈ ఊళ్లో ఏ గేటులోకి వెళ్లినా బాగానే దొరుకుతాయి కనుక వాటి జోలికి పోను. పూల కోసం వచ్చేవాళ్లు తలతిప్పి చూడని పాత వంశాల మొక్కలను ఇక్కడ ఎంతో శ్రద్ధగా పెంచుతున్నారు. మొక్క ఏ వంశానికి చెందిందో తెలిస్తే దాని పెంపకం సగం తెలిసినట్టేనని నా నమ్మకం. ఆ కొలతతోనే ఈ నర్సరీని చూస్తున్నాను.

గేటు దాటగానే ఎడమ వైపు పచ్చ నెట్టు కింద ఫెర్న్‌లు, వాటి పక్కనే నేలకు పరుచుకున్న సెలాజినెల్లా (ఫెర్న్‌లలాగే విత్తనం లేని పాత వంశపు మొక్క) కుండీలు కనిపిస్తాయి. నేల మీద మొక్కల చరిత్ర సుమారు 47 కోట్ల సంవత్సరాలది. పువ్వు, విత్తనం అప్పటికి ఇంకా లేవు. ఫెర్న్‌లు ఈనాటికీ ఆ పాత పద్ధతినే పాటిస్తూ ధూళి లాంటి సిద్ధబీజాలతోనే (స్పోర్‌లతోనే) వ్యాపిస్తాయి. ఆకును తిప్పి చూస్తే వెనక గోధుమ రంగు చుక్కలు వరుసగా ఉంటాయి. కొత్తగా కొన్నవాళ్లు అవి పురుగు గుడ్లనుకొని మందు కొడుతుంటారు, కానీ ఆ చుక్కలు సిద్ధబీజాశయాల గుత్తులు. నెట్టు కింద తడిసిన ఇటుక గోడను దగ్గరగా పరిశీలిస్తే, గోటి కంటే చిన్నగా, గుండె ఆకారంలో, పల్చటి పచ్చ రేకులు అంటుకొని ఉంటాయి. సిద్ధబీజం మొలిచాక ఏర్పడేది ఆ రేకే. పురుషబీజాలు నీటి పొరలో ఈదుకుంటూ అండాన్ని చేరేదీ, కొత్త ఫెర్న్ పుట్టేదీ దాని మీదనే. అందుకే ఈ మొక్కకు తేమ తప్పనిసరి. ఇక్కడి పనివాళ్లు ఆ గోడను గీకి శుభ్రం చేయరు. మొలిచిన పిల్లలను పుల్లతో జాగ్రత్తగా లేపి, కొబ్బరి పొట్టు నింపిన చిన్న కవర్లలోకి మారుస్తారు. ఇలా తయారైన ఫెర్న్‌లు ఇంటికి తెచ్చిన తరువాత వాడిపోవడం మేము చూడలేదు.

ఈ నర్సరీలో నాకు అన్నిటికన్నా నచ్చింది సైకస్ విభాగం. బయట దీన్ని పామ్ అని అమ్ముతారు గానీ, తాటి, కొబ్బరి చెట్లతో దీనికి దగ్గరి చుట్టరికం లేదు. ఇది పువ్వు పూయని, నేరుగా విత్తనం పెట్టే వర్గానికి చెందినది. ఈ వర్గపు శిలాజాలు 25 కోట్ల ఏళ్లకు పైబడినవి దొరికాయి. అలాగని ఈనాటి సైకస్ జాతులన్నీ అంత పాతవి కావు. వీటిలో ఎక్కువ భాగం గత కోటి, కోటిన్నర సంవత్సరాల్లోనే విడివడ్డాయని 2011లో వెలువడిన జన్యు పరిశోధన తేల్చింది. విత్తనం పెట్టే మొక్క అయినా దీని పురుషబీజాలు ఫెర్న్‌ల మాదిరిగానే ఈదుతాయి. ఈ విషయాన్ని 1896లో జపాన్ శాస్త్రవేత్త ఇకెనో కనుగొన్నారు. మన తిరుమల కొండల్లో మాత్రమే సహజంగా పెరిగే సైకస్ బెడ్డోమీ కూడా ఈ కుటుంబానిదే. దాని అంతర్జాతీయ వ్యాపారంపై కఠినమైన నిషేధం ఉంది. ఈ నర్సరీలో దాన్ని అమ్మరు, జపాన్ జాతినే పిలకల ద్వారా పెంచి అమ్ముతారు. ఇది మెచ్చుకోదగిన పద్ధతి.

మేము వెళ్లినప్పుడు ఒక పనిమనిషి సైకస్‌ను పెద్ద కుండీలోకి మారుస్తున్నారు. మట్టి పైపొరలో, కిందికి దిగకుండా పైకి పెరుగుతున్న పగడపు గుత్తుల లాంటి వేళ్లు ఉన్నాయి. రోగం తగిలిన వేళ్లేమోనని మేము అడిగితే, ఆమె ఒక ముక్క తుంచి కత్తితో అడ్డంగా కోసి చూపించారు. తెల్లటి కండ మధ్య నీలి పచ్చ వలయం స్పష్టంగా కనిపించింది. “ఇది తియ్యకూడదండీ, ఇదుంటే యూరియా అక్కర్లేదు” అన్నారామె. ఆ వలయంలో ఉండేది నాస్టాక్ అనే సయనోబాక్టీరియా (నీలి ఆకుపచ్చ నాచు). అది గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చే రూపంలోకి మారుస్తుంది. అజొల్లా ఆకు లోపలి గదుల్లోనూ దాని బంధువే ఉంటుంది కనుకనే మన వరి రైతులు ఆ నీటి ఫెర్న్‌ను మళ్లలో పెంచుతారు. ఇంతటి పరిజ్ఞానం ఉన్న ఈ నర్సరీలో ఒక ముఖ్యమైన హెచ్చరిక మాత్రం కరువైంది. సైకస్ గింజలు, ఆకులు విషపూరితం. పెంపుడు కుక్కలు తింటే ప్రాణానికే ప్రమాదం. ఆ మాట కుండీ మీద రాసి ఉండాలి.

నీటి మొక్కల తొట్లు వెనక వైపు, కొబ్బరి చెట్ల వరుస పక్కన ఉన్నాయి. కలువ, తామర పక్కపక్క తొట్లలో ఉండడం వల్ల అక్కచెల్లెళ్లనిపిస్తాయి గానీ, వాటి వంశాలు చాలా దూరం. పుష్పించే మొక్కల వంశవృక్షంలో కలువ చాలా ముందుగా విడిపోయిన కొమ్మ. తామరకు దగ్గరి బంధువుల్లో ఒకటి, అరకు కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్. కంటికి కనిపించే పోలికను నమ్మిన పాత వర్గీకరణను జన్యు పరిశీలనే సరిదిద్దింది. కలువ ఆకుకు ఒక వైపు చీలిక ఉండి నీటి మీద తేలుతుంది. తామర ఆకు నిండు గుండ్రంగా, కాడ నడిమిన అతుక్కొని, నీటికి పైన నిలబడుతుంది. ఈ తేడా తెలిస్తే అమ్మకందారు పొరపాటున ఇచ్చినా మనం గుర్తుపట్టగలం. ఇక్కడ తామర దుంపలను కాలువ ఒండ్రుమట్టిలోనే పెట్టి ఇస్తారు, మొలక కొస విరగకుండా తడిగుడ్డలో చుడతారు. గింజలు కొంటే పెంకును కొద్దిగా అరగదీసి నానబెట్టాలని కూడా చెబుతారు. ఆ పెంకు ఎంత గట్టిదంటే, చైనాలో ఒక ఎండిన చెరువు అడుగున దొరికిన సుమారు 1,300 ఏళ్ల నాటి తామర గింజ ప్రయోగశాలలో మొలిచింది.

ఈ తొట్ల అడుగున ముట్టుకుంటే గరగరలాడే ఒక నాచు పెరుగుతుంది. పనివాళ్లు దాన్ని కలుపు కింద పీకి గట్టున పడేస్తారు. అది కారా. నేల మొక్కల పూర్వీకులు పుట్టిన హరిత శైవలాల వర్గానికే ఇది కూడా చెందుతుంది. ఒంటికి సున్నం పట్టి ఉండడం వల్ల దాని అవశేషాలు రాళ్లలో చెక్కుచెదరకుండా నిలుస్తాయి. రాజమహేంద్రవరం దగ్గర లావా పొరల మధ్య చిక్కుకున్న, సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరాల నాటి సున్నపురాతి పొరల్లో ఈ కుటుంబపు శిలాజాలు దొరికాయి. ఒక గాజు జాడీలో కాస్త కారాను వేసి పక్కన ఒక చీటీ అంటిస్తే, బడిపిల్లలను తీసుకొచ్చే ఉపాధ్యాయులకు ఎంత ఉపయోగపడుతుందో యజమాని ఆలోచించాలి.

కాక్టస్ బల్ల దగ్గర మాత్రం పేర్లన్నీ కలగాపులగంగా ఉన్నాయి. అమెరికా ఖండాల్లో పుట్టిన కాక్టస్‌లనూ, ఆఫ్రికా, ఆసియా ఎండల్లో పెరిగిన యుఫోర్బియాలనూ ఒకే పేరుతో పెట్టారు. నీటి కొరత రెండు వేర్వేరు కుటుంబాలను ఒకే రూపానికి తెచ్చింది, అంతే. ముల్లు మొదట్లో మెత్తటి నూగు దిండు ఉంటే అది కాక్టస్. గిచ్చితే తెల్లటి పాలు కారితే యుఫోర్బియా. ఆ పాలు కంట్లో పడితే తీవ్రమైన మంట, కొన్నిసార్లు చూపుకే హాని. పిల్లలున్న ఇళ్లవాళ్లు కొనేముందు ఇది తప్పక తెలుసుకోవాలి.

ఆర్కిడ్‌లను బొగ్గు, ఇటుక ముక్కల్లో వేలాడదీశారు, డెల్టా గాలిలోని తేమ వాటికి సరిపోతోంది. ధూళి లాంటి ఆర్కిడ్ గింజలో తిండి నిల్వ ఉండదు కనుక, అడవిలో అది మొలవాలంటే ఒక శిలీంధ్రం తోడు కావాలి. 1922లో అమెరికా శాస్త్రవేత్త నడ్సన్ చక్కెర కలిపిన మాధ్యమం మీద శిలీంధ్రం లేకుండానే వాటిని మొలిపించాడు. ఇక్కడికి వచ్చే మొక్కలు ప్రయోగశాలల్లో పెరిగినవే కనుక అడవిని కొల్లగొట్టినవి కావన్న నిశ్చింత ఉంది.

ఇక నా అసంతృప్తి అంతా బిల్లు కౌంటరు దగ్గర ఉంది. అక్కడ రేకుల షెడ్డు అంచున, మధ్యాహ్నపు ఎండ నేరుగా పడే చోట, వ్యామ్ (వేళ్లతో కలిసి బతికే శిలీంధ్రపు పొడి), ట్రైకోడెర్మా (తెగుళ్లను అణచే శిలీంధ్రం), రైజోబియం (పప్పుజాతి వేళ్లలో నత్రజనిని పట్టే బాక్టీరియా) పొట్లాలు పేర్చి ఉన్నాయి. కొన్నిటి మీద తయారీ తేదీ చెరిగిపోయింది. వీటిలో ఉండేది ప్రాణమున్న సరుకు. ఎండలో మగ్గితే మిగిలేది పొడి మాత్రమే. జీవన ఎరువులు 2006 నుంచి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలో ఉన్నాయి కనుక, తేదీ కనపడని పొట్లం అమ్మకానికి పెట్టడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

అన్ని మొక్కలకూ పనిచేస్తుందంటూ వ్యామ్ పొడిని అంటగట్టడం ఇంకా బాధ కలిగించింది. వేరుతో శిలీంధ్రం చేసే ఈ కాపురం చాలా పాతది. స్కాట్లాండ్‌లోని రైనీ గ్రామం దగ్గర దొరికిన 40 కోట్ల ఏళ్ల నాటి శిలాజాల్లో, నిజమైన వేళ్లే లేని మొక్కల కాండంలో కూడా ఈ శిలీంధ్రం కనిపించింది. వేరు కంటే ముందే వచ్చిన ఆ తోడును మొక్కల్లో అత్యధిక భాగం ఈనాటికీ నిలుపుకున్నాయి గానీ, ఆవ కుటుంబం వదిలేసింది. కాబట్టి క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి నారుకు ఈ పొడి కొనడం డబ్బు దండగ. నారుతోపాటు భాస్వరం ఎక్కువగా ఉండే డీఏపీ ఎరువు కూడా గుప్పెడు వేయమన్నారు. భాస్వరం సమృద్ధిగా దొరికితే మిగతా మొక్కలు కూడా ఈ శిలీంధ్రాన్ని దగ్గరికి రానివ్వవు. రైజోబియం విషయంలోనూ ఇంతే: మినుముకు సరిపోయేది సెనగకు పనికిరాదు, ఏ పంటకో అడిగి ఇవ్వాలి. ట్రైకోడెర్మా ఇతర శిలీంధ్రాల కణకవచాన్ని కరిగించి తినే శిలీంధ్రం. దాన్ని వేసిన వెంటనే కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని పోస్తే తెగులుతోపాటు అదీ చస్తుంది. లోపల సైకస్ వేరు కోసి చూపించిన ఆమెను ఈ కౌంటరు దగ్గర కూర్చోబెడితే కొనేవాళ్లకు న్యాయం జరుగుతుంది.

అరటి పిలకలు కొనేవాళ్లకు ఒక సూచన. అమృతపాణి రకానికి పనామా తెగులు (వేళ్ల గుండా పాకి చెట్టును వాడగొట్టే శిలీంధ్ర రోగం) ముప్పు ఎక్కువ. ఆ శిలీంధ్రం మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది, పిలకల ద్వారా పెరిగే అరటిలో చెట్లన్నీ ఒకే జన్యు నకళ్లు కనుక ఒకటి లొంగితే తోటంతా లొంగుతుంది. ఈ నర్సరీలో పిలకలు ఏ తోట నుంచి వచ్చాయో అడిగితే చెబుతున్నారు. చెప్పలేని పిలకలను తీసుకోకండి.

ధరలు హైదరాబాద్‌తో పోలిస్తే బాగా తక్కువ, ప్యాకింగ్ పటిష్ఠంగా ఉంటుంది. ఫెర్న్‌లు, సైకస్, తామర దుంపల కోసమైతే అయిదుకు అయిదు ఇస్తాను, జీవన ఎరువులకు ఒకటికి మించి ఇవ్వలేను. తొలకరి పడ్డాక ఉదయం పూట వెళితే పనివాళ్లకు మాట్లాడే తీరిక ఉంటుంది.