కంభం చెరువుకి ఆటో మాట్లాడుకుని పోయాం, 5కి 4 ఇస్తా

ముందే చెప్తున్నా, ఇది హోటల్ రివ్యూ కాదు, ఆటో రివ్యూ. కంభం బస్టాండ్ బయట ఒకతన్ని మాట్లాడుకుని మూడు గంటలు చెరువు దగ్గర తిరిగొచ్చాం, పోయేవాళ్ళకి పనికొచ్చిద్దని రాస్తున్నా. పేరు, నంబరు అడక్కండి, పెట్టను. స్టాండులో ఎవర్నడిగినా కట్ట దాకా వస్తారు, కాకపోతే వెయిటింగ్‌తో కలిపి ఎంతో ముందే తేల్చుకోండి. మాకు 700 చెప్పాడు, మా నాన్న 400 దగ్గర మొదలుపెట్టి 550కి దించాడు, దించాక "పాపం ఎండలో ఉంటాడు గదరా" అని టీ కూడా ఇప్పించాడు, ఆయన బేరం ఎప్పుడూ అంతే.

మాది ఒంగోలు. చీమకుర్తి, పొదిలి, మార్కాపురం మీదుగా బస్సు, పొదిలి దాటాక నడుము సంగతి మర్చిపోవాల్సిందే. నాన్న ఇరిగేషన్‌లో లస్కరుగా, అంటే చెరువులూ కాలువలూ కనిపెట్టుకునే పనిలో, చేసి రిటైరయ్యాడు, కందుకూరు వైపు చెరువులన్నీ ఆయనకి ఇంటి గదుల్లెక్క, కానీ కంభం చెరువు చూళ్ళేదని ఎప్పట్నుంచో అంటుంటే డిసెంబర్లో తీసుకుపోయా.

ఎక్కగానే డ్రైవర్ మొదలుపెట్టాడు, "పెద్దాయనా, ఇది ఆసియాలోనే రెండో పెద్ద చెరువు" అని. నాన్న ఊరుకోడుగా, "మొదటిది యాడుందబ్బా?" అన్నాడు. అతను నవ్వేసి "అది మాకు తెలీదు, మాది రెండోదే" అన్నాడు. ప్రతి ఊళ్ళోనూ ఇట్టాంటిదొకటి ఉంటది లెండి, నేను పట్టించుకోలా. కొలత మాత్రం చిన్నదేం కాదు, ఏడు కిలోమీటర్ల పొడుగు, మూడున్నర వెడల్పు అంటారు.

నాకు నచ్చిందేందంటే అతను నేరుగా కట్ట మీదికి తీసుకుపోలేదు. ముందు నీళ్ళు బాగా పరుచుకున్న వైపు ఆపి "చూస్కోండి, ఇదంతా ఆపాలంటే ఎంత కట్ట కావాలో మీరే చెప్పండి" అన్నాడు. నేను ఓ మూడు కిలోమీటర్లన్నా ఉంటది అనుకున్నా. తర్వాత కట్ట దగ్గరికి పోతే రెండు కొండల మధ్యలో సందు, ఆ సందులో కట్ట, అంతే! ఇటు కొండ నుంచి అటు కొండకి కబుర్లు చెప్పుకుంటా నడిచేశాం. గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి వచ్చి ఆ సందులోంచి పోతుంటే అక్కడ అడ్డం కట్టేశారు, ఏరు వెనక్కి తిరిగి లోయంతా నిండింది. పాత గెజిటీర్లో (ఇంగ్లీషోళ్ళ కాలంలో ఊళ్ళ వివరాలు రాసిన సర్కారు పుస్తకం) కట్ట ఎత్తు 57 అడుగులని ఉంటది, పైనుంచి కిందికి వంగి చూస్తే నమ్మబుద్ధేసిద్ది. అదే గుండ్లకమ్మ మా మద్దిపాడు దగ్గర మల్లవరం రిజర్వాయర్లో ఆగి ఒంగోలు పక్కన సముద్రంలో కలిసేది, ఇన్నేళ్ళూ హైవే బ్రిడ్జి మీద నుంచి చూస్తా ఇది యాడ్నుంచి వస్తుందని ఒక్కసారన్నా అనుకోలా.

కట్ట మీద నాన్న ఆగిపోయాడు. రివిట్‌మెంట్ రాళ్ళు (కట్ట కోసుకుపోకుండా పేర్చినవి) తడుముతా, "పొడుగు కట్టకి ఎప్పుడూ భయమేరా, రాత్రుళ్ళు లాంతరేసుకుని ఎక్కడ ఊట కారుతుందో అని తిరగాల, ఈ పొట్టి కట్ట లస్కరుకి హాయి" అన్నాడు. నాకప్పుడు పోరుమామిళ్ళ శాసనం గుర్తొచ్చింది. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువుకి 1369లో వేయించిన శాసనం ఉంది, మంచి చెరువుకి ఉండాల్సిన 12 లక్షణాలు, ఉండకూడని 6 దోషాలు వరసగా చెప్తది. అందులో ఒకటి, కొండల మధ్య రాతికట్ట గట్టిగా ఉండాలి కానీ మరీ పొడుగుండకూడదు అని! దోషాల్లో మొదటిదేమో కట్టకి నీళ్ళు కారడం. నాన్నకి చెప్తే "మరి తెలిసినోళ్ళు గదా రాసింది" అన్నాడు, పెద్దగా ఆశ్చర్యపోలా. ఈ రెండు చెరువుల్నీ 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల లిస్టులో పెట్టారు, మన కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) కూడా అదే ఏడు.

కట్టించిందెవరంటే వరదరాజమ్మ పేరు చెప్తారు, శ్రీకృష్ణదేవరాయల భార్య, ఒడిశా ఏలిన గజపతుల ఆడపడుచు. రాయలు 1514లో మన ఉదయగిరి కోట గెలిచి, ఆ పైన కొండవీడు, కళింగ దాకా పోయి సంధి చేసుకున్నప్పుడు వచ్చిన సంబంధం అది. రాయలు పట్టించుకోక ఆవిడ ఇక్కడే ఉండిపోయిందనీ, తన డబ్బుతో చెరువు కట్టించిందనీ డ్రైవర్ చెప్పాడు. చెప్పేటప్పుడు సొంత మేనత్త కష్టం చెప్పినట్టు గొంతు మారిపోయింది.

ఒకచోట మాత్రం ఇద్దరికీ పొసగలా. నాన్న "కలుజు యాడ?" అంటాడు, అతను బిక్కమొహం వేస్తాడు. అతనేమో "మరవ" అంటాడు, నేను "అలుగు" అంటా. మూడూ ఒకటే, నీళ్ళు ఎక్కువైతే పొర్లిపోయే చోటు! కందుకూరు నెల్లూరు జిల్లాలోంచి, కంభం కర్నూలు జిల్లాలోంచి తెచ్చి 1970లో ప్రకాశం అని ఒక జిల్లా చేశారు గదా, అది ఇట్టా ఆటోలో బయటపడింది.

చెరువు సగమే ఉంది. అది ఇప్పటి కొత్త కాదంట, ప్రతి ఏడూ నిండదు. గెజిటీర్లో ఆయకట్టు 10 వేల ఎకరాల పైన, వాన లేని ఏడు అందులో ఎంతకి పారిద్దో చెప్పలేం. "తక్కువ నీళ్ళు, ఎక్కువ పొలం" అనేది కూడా ఆ 6 దోషాల్లో ఉందబ్బా, చెప్దామనుకుని డ్రైవర్ మొహం చూసి ఊరుకున్నా. అతనికి రెండెకరాలుందంట, బోరు నీళ్ళు ఫ్లోరైడు, కొండ తవ్వి కృష్ణా నీళ్ళు తెచ్చే వెలిగొండ సొరంగాల గురించి అడిగితే "వస్తే చూద్దాం అన్నా" అన్నాడు.

ఇక మైనస్‌లు. స్పీకర్లో పాటలు, రెండుసార్లు చెప్తే గానీ తగ్గించలా. తిండికి అతనే ఒక మెస్సుకి తీసుకుపోయాడు, బొచ్చె చేప పులుసు, పులుపు సరిగ్గా ఉంది, కారం మాత్రం మన ఒంగోలోళ్ళకే చెమటలు పట్టించింది, అన్నం చల్లారిపోయింది. కట్ట మీద నీడ లేదు, మేం తిరిగినంతలో బాత్రూమ్ కనపళ్ళా, పగిలిన సీసాలు చాలా, పిల్లల్ని చెప్పుల్లేకుండా దింపొద్దు. వీటికి ఆటో అతనేం చేస్తాడు, కానీ ఒక స్టార్ ఆ పాటలకి తీసేశా.

పోతే వానలయ్యాక నవంబర్, డిసెంబర్లో పోండి, పొద్దున్నే దిగండి, సాయంత్రం ఒంగోలు బస్సు టైము ముందే కనుక్కోండి. మేం కనుక్కోలా, మార్కాపురంలో గంటన్నర కూర్చున్నాం. ఆ గంటన్నరా నాన్న వేరుశెనక్కాయలు తింటా, తూము గేటుకి గ్రీజు పెట్టి ఎన్నాళ్ళయిందో అని సణుగుతానే ఉన్నాడు.