గొర్రె మాయ (ప్లాసెంటా) క్యాప్సూల్స్, “స్విస్ సెల్ థెరపీ” పేరుతో అమ్ముతున్నారు, జాగ్రత్త

విజయవాడలో ఓ హోటల్ హాల్లో మీటింగ్ పెట్టి, సమోసా, టీ ఇచ్చి గొర్రె మాయతో చేసిన క్యాప్సూల్స్ అంటగడుతున్నారు. డబ్బా 14,500 రూపాయలు. మా బాబాయి రెండు కొన్నారు. బిల్లు లేదు, చేత్తో రాసిన చీటీ ఇచ్చారు. “షుగర్ మాత్రలు ఇక మెల్లగా ఆపేయొచ్చు సార్” అన్నారట, ఆయన ఆపేశారు. షుగర్ 400 దాటి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. డబ్బు వెనక్కి ఇమ్మని అడిగితే “బాడీ క్లీన్ అవుతోందండీ, ముందు పెరిగి తర్వాత తగ్గుతుంది” అన్నారు. ఇప్పుడు ఫోనే ఎత్తడం లేదు.

వాళ్ళ పాంప్లెట్ మీద డాక్టర్ పాల్ నీహాన్స్ ఫోటో ఉంటుంది. ఈయన మాత్రం కల్పితం కాదు. స్విట్జర్లాండ్ సర్జన్. 1931లో థైరాయిడ్ ఆపరేషన్‌లో, ఒంట్లో కాల్షియంని అదుపులో ఉంచే పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిని, కాల్షియం పడిపోయి, కండరాలు కొంకర్లు పోతున్న ఒకామెను ఆయన దగ్గరికి తెచ్చారు. గ్రంథి అతికించే వ్యవధి లేదు. ఎద్దు పారాథైరాయిడ్‌ని సన్నగా తరిగి, సెలైన్‌లో కలిపి కండలోకి ఎక్కించారు. ఆమె బతికింది. అక్కడి నుంచి ముసలితనం సహా నానా రోగాలకీ ఇలా జంతు కణాలు ఎక్కించే “సెల్ థెరపీ”యే మందన్నారు. పుట్టని గొర్రెపిల్లల కణాలు ఎక్కించుకోవడానికి డబ్బున్నవాళ్ళు స్విట్జర్లాండ్‌లోని మాంట్రో ఊరి దగ్గర ఆయన క్లినిక్‌కి వరస కట్టారు. పోప్ పన్నెండో పయస్‌కీ వైద్యం చేశారు. మీటింగ్‌లో పోప్ స్లయిడ్ పడగానే చప్పట్లట! పోప్ పిలిపించుకున్న మాట నిజమే, కానీ దాంతో మందు పనిచేసినట్టు ఎలా అవుతుంది? సూది వేసినవాళ్ళనీ వేయనివాళ్ళనీ పోల్చి చూపించిన పరీక్ష ఒక్కటీ ఆయన పెట్టలేదు.

స్లయిడ్లలో రాని సంగతులు వేరే ఉన్నాయి. ఈ సూదులతో తీవ్రమైన అలర్జీలు, చావులు కూడా జరిగితే 1987లో జర్మనీ ఆ మందుల్ని ఆపించింది. 2014లో జర్మనీ వెళ్ళి గొర్రె కణాలు ఎక్కించుకున్న అమెరికా, కెనడా వాళ్ళకి క్యూ ఫీవర్ సోకింది, అది గొర్రెల నుంచి వచ్చే జబ్బు.

సరే, నీహాన్స్‌నే నమ్ముదాం. ఆయన కణాలు ఎక్కించింది సూదితో. వీళ్ళు అమ్మేది ఎండబెట్టిన పొడి, మింగేది. కడుపులోకి పోయాక అది ఆదివారం మటన్ అరిగినట్టే అరుగుతుంది. అంటే ఆయన ఫోటో వేసుకోవడానికి కూడా వీళ్ళకి హక్కు లేదు.

డబ్బా తిప్పి చూడండి. అడుగున చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో “నాట్ ఫర్ మెడిసినల్ యూజ్” అని ఉంది. అంటే మందు కాదని వాళ్ళే రాసుకున్నారు. షుగర్ నయం చేస్తామని ప్రచారం చేయడం 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం, మైకులో నోటితో చెప్పినా సరే. “మేమేం రాసివ్వలేదుగా” అంటే వదిలేయకండి.

ఇప్పటికే కొన్నవాళ్ళు డబ్బా, చీటీ, పాంప్లెట్, ఫోన్‌పే రసీదు పారేయకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, మేమూ చేశాం. మీ ఇంట్లో ఎవరితోనైనా షుగర్, బీపీ మాత్రలు ఆపించి ఉంటే డబ్బు సంగతి తర్వాత, ముందు డాక్టర్‌కి చూపించండి. వచ్చే మీటింగ్ గుంటూరులో అంటున్నారు.