పాత కారు అడుగుకి లానోలిన్ పూత: కొన్నేళ్లు వాడాక తేలిన సంగతులు

ముందే చెప్పేస్తా: తుప్పు ఆపడానికి పదేళ్లు దాటిన కారుకి నల్ల రబ్బరు అండర్‌కోటింగ్ వద్దు, ఆరిపోని మెత్తటి పూతే కావాలి. గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్ జిడ్డుతో చేసిన ఫ్లూయిడ్ ఫిల్మ్ లాంటి స్ప్రేలు ఈ రెండో రకం. అడుగున బయటికి కనిపించే రేకుకి లానోలిన్, సిల్స్ (తలుపుల కింద పొడవునా ఉండే పట్టీలు), క్రాస్ మెంబర్ల (అడుగున అడ్డంగా ఉండే దూలాల) లాంటి డొల్ల భాగాల్లోకి కేవిటీ వ్యాక్స్ (లోపలికి చిమ్మే మైనం). ఏళ్లుగా ఇదే పద్ధతి వాడుతున్నాను. తుప్పు ఉన్నచోట నెమ్మదించింది, లేనిచోట కొత్తగా రాలేదు. కానీ ఏటా మళ్లీ కొట్టాల్సిందే. ఒక్కసారి కొట్టించి మరిచిపోదాం అనుకునేవాళ్లకి ఇది సరిపడదు.

రబ్బరు, తారు కలిసిన కోటింగ్ చెడ్డదని కాదు. ఫ్యాక్టరీ పెయింటు చెక్కుచెదరని కొత్త బండికి వేస్తే రాళ్ల దెబ్బ కాస్తుంది, చప్పుడూ తగ్గిస్తుంది. పాత బండికి అతుకుల్లో అప్పటికే తుప్పు ఉంటుంది. దాని మీద కోటింగ్ వేస్తే చెమ్మని లోపల పెట్టి మూత బిగించినట్టే. పైగా ఆ రబ్బరు కాలం గడిచేకొద్దీ గట్టిపడి, అతుకుల వెంట సన్నటి పగుళ్లు ఇస్తుంది. నీళ్లు ఆ సందుల్లోంచి వెనక్కి పాకుతాయి, ఆరే దారి మాత్రం ఉండదు. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి కోటింగ్‌ని మరింత పైకి లేపుతుంది. పైన పటారం, లోన లొటారం.

మీ బండికి ఇప్పటికే అలాంటి కోటింగ్ ఉంటే మొద్దు స్క్రూడ్రైవర్‌తో అతుకుల వెంట నొక్కి చూడండి. మెత్తగా దిగి మళ్లీ పైకొస్తూ, అంచు ఎక్కడా లేవకపోతే దాని జోలికి పోవద్దు. బుడగలా కదిలినా, గోటితో లాగితే పెచ్చు ఊడి వెనక గోధుమరంగు పొడి రాలినా, గట్టిగా అంటుకుని ఉన్న రేకు తగిలేదాకా గీకేయాలి. హీట్ గన్‌తో కాస్త వేడిచేసి పుట్టీ బ్లేడు పెడితే సులువుగా వస్తుంది. గ్రైండర్‌కి వైర్ కప్ (గిన్నెలాంటి తీగల బ్రష్) బిగించి మొదలుపెడితే రబ్బరు కరిగి చుట్టూ పులుముకుంటుంది. పెట్రోలు ట్యాంకు, ఇంధనం పైపుల దరిదాపుల్లో హీట్ గన్ అసలు వద్దు.

శ్రమంతా స్ప్రేకి ముందే. బండిని చదునైన గట్టి నేల మీద యాక్సిల్ స్టాండ్లకి (బరువు మోసే ఇనుప కాళ్లకి) ఎక్కించాలి, జాక్ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకూడదు. వీల్ ఆర్చ్ (చక్రం పైన ఉండే వంపు) లోపలి ప్లాస్టిక్ లైనర్లు విప్పాకే ప్రెషర్ వాషర్ పట్టుకోండి. ముందు చక్రం వెనక, సిల్ మొదలయ్యే మూలలో మట్టీ, కుళ్లిన ఆకులూ గడ్డకట్టి ఉంటాయి. వాన వెలిసినా ఆ ముద్ద మాత్రం రోజుల తరబడి తడిగానే ఉంటుంది. చాలా కార్లలో తొలి చిల్లు పడేది ఆ మూలలోనే. డీగ్రీజర్ కొట్టి కడిగాక సిల్స్ కింద, డోర్ల అడుగున ఉండే డ్రెయిన్ రంధ్రాలన్నిటినీ కేబుల్ టైతో పొడిచి తెరవండి. గ్రోమెట్లు (రంధ్రాలకి పెట్టే రబ్బరు బిరడాలు) తీసి లోపలికి గాలి కొట్టి, కనీసం రెండు రోజులు ఆరనివ్వండి. లానోలిన్ కొద్దిపాటి చెమ్మని ఓర్చుకుంటుంది గానీ, సిల్‌లో నీళ్లు నిలిచి ఉండగా వ్యాక్స్ కొడితే ఆ నీటిని లోపలే బంధించినట్టవుతుంది.

ఆరాక స్క్రూడ్రైవర్ పిడితో ప్రతి భాగాన్నీ తట్టి చూడాలి. బాగున్న రేకు ఖంగుమంటుంది, లోపల తినేసిన రేకు దబ్‌మని మొద్దుగా పలుకుతుంది. జాక్ పెట్టే చోట్లు, సబ్‌ఫ్రేమ్ (ఇంజనునీ, సస్పెన్షన్‌నీ మోసే చట్రం) బిగింపులు, సస్పెన్షన్ కలిసే చోట్లు, సీటుబెల్టు బిగించే చోట్లు అలా పలికితే ఏ పూతా పనికిరాదు. అక్కడ కుళ్లినంత మేర కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాల్సిందే.

తుప్పు తీయడంలో వైర్ కప్ మోసం చేస్తుంది. తుప్పుకే మెరుగు పెట్టి రేకు శుభ్రపడినట్టు చూపిస్తుంది, గుంటల్లో ఉన్నది అలాగే ఉండిపోతుంది. ముందు స్క్రేపర్‌తో పెచ్చులు లేపి, తర్వాత 80 నంబరు ఎమరీ పేపరు పట్టడం మేలు. గాల్వనైజ్డ్ రేకు మీదైతే వైర్ కప్‌ని గట్టిగా అదమొద్దు, జింకు పొర లేచిపోతుంది. కళ్లద్దాలూ, దుమ్ము మాస్కూ తప్పనిసరి.

ఇంకా గట్టిగా పట్టుకుని ఉన్న పలుచటి తుప్పుకి టానిక్ ఆమ్లం రకం రస్ట్ కన్వర్టర్ (తుప్పుని గట్టి పొరగా మార్చే ద్రవం) బ్రష్‌తో పలచగా రెండు కోట్లు. నల్లగా మారితే పనిచేసినట్టు. వదులు తుప్పు మీద పూస్తే పైపొర మాత్రమే మారి, కొన్నాళ్లకి మొత్తం పెచ్చుగా రాలిపోతుంది. మెరిసే ఇనుము మీద దానికి పనే లేదు, అక్కడ ఎపాక్సీ ప్రైమర్ (రేకుకి గట్టిగా పట్టే అడుగు పెయింటు) వేయండి. ఫాస్ఫారిక్ ఆమ్లం రకం కన్వర్టర్ వాడితే మిగులు ఆమ్లాన్ని కడిగి ఆరబెట్టాకే ఎపాక్సీ. లేకపోతే ప్రైమర్ సరిగా గట్టిపడదు. అతుకులకి సీమ్ సీలర్ (సందులు పూడ్చే పేస్టు), పెయింటు లాంటివన్నీ ఇక్కడే ముగించాలి. ఒకసారి లానోలిన్ తగిలాక దాని మీద ఏ పెయింటూ నిలవదు.

చిన్న హ్యాచ్‌బ్యాక్ అడుగుకి లానోలిన్ 2 లీటర్ల చుట్టూ పడుతుంది, పెద్ద ఎస్‌యూవీకి 4 లీటర్ల దాకా. సిల్స్, డోర్లు, క్రాస్ మెంబర్లకి కేవిటీ వ్యాక్స్ 500 మిల్లీలీటర్ల డబ్బాలు మూడో నాలుగో. కంప్రెసర్ ఉంటే అండర్‌కోటింగ్ గన్‌తో 60 నుంచి 80 పీఎస్ఐ గాలి ఒత్తిడి చాలు. చలికి జిడ్డు గట్టిపడి తుంపర రాకపోతే డబ్బాని గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచండి, మంట మీద మాత్రం పెట్టొద్దు. పూత కింద రేకు రంగు లేతగా కనిపించేంత మందం సరైనది, చుక్కలు కారుతుంటే ఎక్కువైనట్టు. సిల్ లోపలికి అన్ని వైపులా చిమ్మే నాజిల్ ఉన్న పొడవాటి ట్యూబును చివరిదాకా తోసి, కొడుతూ నెమ్మదిగా వెనక్కి లాగాలి. డ్రెయిన్ రంధ్రం నుంచి వ్యాక్స్ బొట్టు దిగితే అక్కడికి చేరినట్టే. అన్నీ అయ్యాక ఆ రంధ్రాలని మళ్లీ పొడవండి, వ్యాక్స్ వాటినే మూసేస్తుంది.

బ్రేక్ డిస్కులకీ కాలిపర్లకీ ప్లాస్టిక్ సంచులు కట్టండి. ఎగ్జాస్ట్, ఆక్సిజన్ సెన్సర్, బెల్టులు, సస్పెన్షన్ రబ్బరు బుష్‌ల మీద పడనివ్వొద్దు. కొన్ని రబ్బర్లు ఈ జిడ్డుకి ఉబ్బుతాయి. మధ్య పిల్లర్ అడుగున సీటుబెల్టు రీలు ఉంటుంది, ట్యూబు అటువైపు పోకుండా చూసుకోండి. బ్రేకు పైపులకి స్ప్రే కొట్టే ముందు క్లిప్పుల దగ్గర తుడిచి చూడండి, స్టీలు పైపు తుప్పు మొదలయ్యేది క్లిప్పు కిందే. గుంటలు పడి ఉంటే జిడ్డు పూసి దాచొద్దు, కుప్రోనికెల్ (రాగి, నికెల్ కలిసిన) పైపు వేయించండి.

ఇక ఏళ్లు గడిచాక పరిస్థితి. నడిమధ్య ఫ్లోర్ మీద పూత ఏడాది తిరిగినా వేలికి జిడ్డుగానే తగులుతుంది. పైన దుమ్ము పట్టి గోధుమరంగు తోలులా చూడటానికి అసహ్యంగా ఉంటుంది గానీ, బొటనవేలితో రుద్దితే కింద రేకు మొన్న కొట్టినట్టే ఉంటుంది. వీల్ ఆర్చ్‌లలో మాత్రం ఇది ఓడిపోతుంది. చక్రం చిమ్మే నీరూ, ఇసుకా కొన్ని నెలల్లోనే తుడిచిపెట్టేస్తాయి. అక్కడ ఎపాక్సీ మీద రాయి దెబ్బ తట్టుకునే ఛాసిస్ పెయింటు వేసి, లానోలిన్‌ని అంచులకీ లైనర్ వెనకకీ పరిమితం చేశాక గానీ సమస్య తీరలేదు. ముందు చక్రాల వెనక భాగాన్ని ఆరు నెలలకోసారి చూసి, తక్కువైనచోట మళ్లీ కొట్టాలి. సిల్స్ లోపల ఫోనుకి తగిలించే ఎండోస్కోప్ కెమెరాతో చూస్తే వ్యాక్స్ తేనెరంగు పొరగా నిలిచే ఉంది, దాన్ని ఏటా ముట్టుకోవాల్సిన పని పడలేదు.

చికాకులూ ఉన్నాయి. కొట్టిన కొత్తలో ఉన్ని వాసన వస్తుంది, ఎగ్జాస్ట్ మీద తుంపర పడితే కొద్దిరోజులు కమురు వాసన తోడవుతుంది. బండి కింద అట్ట పరచకపోతే నేల మరకలవుతుంది. ఆ తర్వాత సస్పెన్షన్ పని చేసే మెకానిక్ విసుక్కుంటాడు, అయితే బోల్టులు మొరాయించకుండా ఊడొస్తాయి కాబట్టి ఆ కోపం ఎంతోసేపు ఉండదు.

బ్యాటరీకి తగిలించే ఎలక్ట్రానిక్ తుప్పు నివారణ పరికరాల గురించి అడిగేవాళ్లు ఎక్కువ. ఓడలకీ, భూమిలో పాతిన పైపులకీ కరెంటుతో రక్షణ ఇవ్వగలుగుతున్నారంటే అవి నీటిలోనో తడి మట్టిలోనో మునిగి ఉంటాయి, కరెంటు తిరిగి రావడానికి దారి ఉంటుంది. గాల్లో నిలబడ్డ కారుకి ఆ దారే లేదు. ఆ డబ్బుతో ఇంకో రెండు డబ్బాల వ్యాక్స్ కొనుక్కోవచ్చు.

పూత వేసిన బండికి తర్వాతెప్పుడైనా వెల్డింగ్ అవసరమైతే ఆ సంగతి వెల్డర్‌కి ముందే చెప్పండి. లానోలిన్, వ్యాక్స్ రెండూ మండుతాయి. సిల్ బయట తుడిచినంత మాత్రాన సరిపోదు, లోపల ఉన్న వ్యాక్స్ వేడికి కరిగి పొగలు కక్కి అంటుకోవచ్చు. చుట్టూ జానెడు మేర రెండు వైపులా సాల్వెంట్‌తో శుభ్రం చేసి, అది పూర్తిగా ఆవిరయ్యాకే పని మొదలుపెట్టాలి. పక్కన మంటలార్పే సిలిండర్ ఉంచుకోవాలి. వెల్డింగ్ వేడికి లోపలి వ్యాక్స్ కాలిపోతుంది కాబట్టి అతుకు చల్లారాక, లోపలి వైపున కేవిటీ వ్యాక్స్ మళ్లీ కొట్టించండి. బయట మాత్రం పెయింటు వేసి వదిలేస్తే ఆ అతుకే మళ్లీ ముందు పోతుంది.