హాడ్రియన్ గోడ వెంట ఏడు రోజులు: ఇద్దరూ పక్కపక్కన నడవాల్సిన దారి

ఇంగ్లండు ఉత్తర భాగంలో తూర్పున వాల్సెండ్ నుంచి పడమట బౌనెస్-ఆన్-సోల్వే దాకా, రోమన్ చక్రవర్తి హాడ్రియన్ క్రీ.శ. 122లో కట్టించడం మొదలుపెట్టిన గోడ వెంట 135 కిలోమీటర్ల కాలిబాట ఉంది. 2024 సెప్టెంబరులో నేనూ నా స్నేహితురాలూ దాన్ని ఏడు రోజుల్లో నడిచాము. 2003లో జాతీయ కాలిబాటగా తెరిచిన ఈ దారిలో నడిచేవారిని ఒక చిన్న కోరిక కోరతారు: పచ్చిక మీద ఒకరి వెనక ఒకరు కాకుండా పక్కపక్కన నడవమంటారు. అందరి అడుగులూ ఒకే గీత మీద పడితే గడ్డి చచ్చి, మట్టి కోసుకుపోయి, ఇంకా తవ్వి చూడని రోమన్ కట్టడాలు కిందనుంచి బయటపడి పాడైపోతాయి. మొదటి రోజుల్లో మేము దీన్ని నియమంగా పాటించాము. మూడోనాటికి అది మాకు ఎంత అలవాటైందంటే, నా స్నేహితురాలి మడమ బొబ్బెక్కిన సంగతి ఆమె చెప్పకముందే, అడుగు తేడా వినబడి నాకు తెలిసిపోయింది.

వాల్సెండ్ మెట్రో స్టేషనులో బోర్డులు ఇంగ్లీషుతో పాటు లాటిన్‌లో కూడా ఉంటాయి. పక్కనే ఉన్న సెగెడూనమ్ కోట దగ్గర నడక మొదలవుతుంది. మొదటి రోజు హెడన్ గ్రామం దాకా దాదాపు 24 కిలోమీటర్లు. అందులో అధిక భాగం టైన్ నది ఒడ్డున గట్టి తారు బాట. న్యూకాజిల్ వంతెనల కింది నుంచి నడవడం బాగున్నా, బరువైన కొండ బూట్లతో ఆ తారు మీద రోజంతా నడవడం మేము చేసిన పొరపాటు. స్నేహితురాలి బొబ్బకు బీజం అక్కడే పడింది. ఈ ఒక్క రోజుకు మెత్తని సోల్ ఉన్న తేలిక బూట్లు వేసుకోవాలని నా సలహా. వారం సెలవు లేనివారు హెడన్ నుంచి మొదలుపెట్టినా గోడ విషయంలో పోగొట్టుకునేది తక్కువే, ఎందుకంటే అంతకు ముందు గోడ కనిపించేదే అరుదు.

రెండో రోజు నాకు నచ్చలేదు. 1745లో బ్రిటన్ రాజు మీద లేచిన తిరుగుబాటు తర్వాత సైన్యాన్ని తరలించడానికి వేసిన రోడ్డు పక్కనే బాట సాగుతుంది. ఆ రోడ్డుకు పునాది రాయి కోసం చాలా దూరం గోడనే పడగొట్టారు కాబట్టి, కార్ల చప్పుడు వింటూ గోడ లేని చోట గోడను ఊహించుకుంటూ చోలర్‌ఫోర్డ్ చేరాల్సి వస్తుంది.

ఆ మర్నాటి నుంచి దారి తీరే మారిపోయింది. నేల కింద నుంచి పొడుచుకు వచ్చిన నల్లని రాతి అంచు మీద, ఉత్తరాన నిలువుగా తెగిపడే చరియల నెత్తిన గోడ ఎక్కుతూ దిగుతూ పోతుంది. హౌస్‌స్టెడ్స్ కోట తూర్పు ద్వారం గడప రాయి మీద బండి చక్రాలు కోసిన గాడులు ఇప్పటికీ లోతుగా ఉన్నాయి. నేను వంగి ఒక గాడిలో వేలు పెట్టి చూస్తే, రాతి అంచు నునుపుగా, లోపల కొంచెం వాననీరు చల్లగా తగిలింది. కోట ఆగ్నేయ మూలన సైనికుల మరుగుదొడ్లు, వాటి కింది కాలువ స్పష్టంగా కనిపిస్తాయి. చూడడానికి కనీసం రెండు గంటలు ఉంచుకోవాలి. మేము సాయంత్రం ఆలస్యంగా చేరి తొందరపడ్డాము, అది నాకు ఇప్పటికీ వెలితిగానే ఉంది.

ఇంకాస్త పడమట, రెండు గుట్టల నడిమి పల్లంలో ఒంటరిగా నిలిచి పేరుపొందిన సికమోర్ చెట్టును 2023 సెప్టెంబరులో నరికేశారు. మేము వెళ్ళేసరికి మోడు చుట్టూ కంచె ఉంది. అక్కడ ఇద్దరం మాట్లాడుకోకుండా కాసేపు నిలబడ్డాము. ఆ తర్వాత వచ్చే విన్‌షీల్డ్స్ శిఖరం 345 మీటర్లతో దారి మొత్తానికి ఎత్తైన చోటు.

వన్స్ బ్రూడ్ అనే పల్లె దగ్గర మేము రెండు రాత్రులు ఉన్నాము. ఈ నిర్ణయం మేము తీసుకున్నవాటిలో ఉత్తమమైనది. మధ్యలో దొరికిన పూటను, బాటకు దక్షిణాన ఉన్న విండొలాండా అనే రోమన్ కోటకు ఇచ్చాము. గోడ కంటే ముందే వెలిసిన ఆ కోట మట్టిలో, 1973 నుంచి, పలుచని చెక్క రేకుల మీద సిరాతో రాసిన ఉత్తరాలు దొరుకుతూ వచ్చాయి. వాటిలో ఒకటి, క్లాడియా సెవెరా అనే స్త్రీ తన పుట్టినరోజుకు రమ్మని స్నేహితురాలు సల్పీషియా లెపిడీనాను పిలుస్తూ పంపింది. ఉత్తరం లేఖకుడు రాసినా, చివరి పంక్తులు ఆమె స్వహస్తంతో రాసినవి. అసలు రేకు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆ పుట్టినరోజు సెప్టెంబరు 11 అని చదివినప్పుడు నా స్నేహితురాలు, “మనం వచ్చిన నెలేనే!” అంది. ఆ మాటతో, దూరాన విసిరేసినట్టున్న ఆ కోటలో తోడు కోసం ఎదురుచూసిన మనిషి మాకు చాలా దగ్గరగా అనిపించింది.

బసల సంగతి. వన్స్ బ్రూడ్ హాస్టల్‌లో గదులు చిన్నవైనా, తడిసిన బట్టలు, బూట్లు ఆరబెట్టే గది ఉంది. వాన పడిన రోజున మెత్తని పరుపు కంటే అదే ఎక్కువ విలువైనది. గిల్స్‌లాండ్ దగ్గర దిగిన ఇంట్లో, ఇంటావిడ మా బూట్లు అడగకుండానే తీసుకుని, పాత వార్తాపత్రికలు నలిపి వాటి నిండా కుక్కి, రాత్రి పడుకునే ముందు తడిసిన కాగితాలు తీసి కొత్తవి పెట్టింది. పొద్దున అవి పొడిగా ఉన్నాయి. దీనికి భిన్నంగా, ఇంకోచోట “బాటకు దగ్గర” అని రాసుకున్న ఇల్లు తీరా చూస్తే ఎత్తెక్కి అరగంట నడవాల్సినంత దూరాన ఉంది. గది బుక్ చేసే ముందు ఆ ఇల్లు బాటకు ఎంత దూరమో పటంలో స్వయంగా కొలుచుకోవాలి.

సామాను చేరవేసే సేవ మాకు ఒక్క రోజు తప్ప సరిగ్గా నడిచింది. ఆ ఒక్క రోజు సంచులు చీకటి పడ్డాక వచ్చాయి కాబట్టి, ఒక జత పొడి మేజోళ్ళు, మందులు వీపు మీది సంచిలోనే పెట్టుకోవడం మంచిది. మధ్య భాగంలో దుకాణాలు బహు తక్కువ. నీళ్ళు ఉదయమే నింపుకోవాలి. అలసిపోయినవారిని ఆదుకునే బస్సుకు గోడ మొదలైన ఏడాదిని బట్టి ఏడీ122 అని పేరు పెట్టారు. అది కాలాన్ని బట్టి నడుస్తుంది కనుక వేళలు ముందే చూసుకోవాలి. కార్లైల్‌కు ముందు ఒకచోట మనుషులెవరూ లేని చిన్న పాకలో చల్లని పానీయాలు, బిస్కెట్లు, డబ్బు వేయడానికి ఒక పెట్టె కనిపించాయి. మేము తీసుకున్నదానికి డబ్బు వేసి, మడమకు పట్టీ మార్చడానికి అక్కడే కూర్చున్నాము.

చివరి రోజు సోల్వే ఖాతం పక్కన చదును నేల. బర్గ్ అనే ఊరు దాటాక రోడ్డు కొంత దూరం పోటు నీటికి మునుగుతుంది కాబట్టి, పోటు వేళల పట్టిక చూడకుండా ఎవరూ బయలుదేరకూడదు. మేము తెల్లవారుజామునే బయలుదేరి రోడ్డు పొడిగా ఉండగా దాటాము. పడమటి గాలి రోజంతా మొహానికి కొడుతూనే ఉంది. గాలి వీపున ఉండాలనుకునేవారు బౌనెస్ నుంచి మొదలుపెట్టవచ్చు, కానీ నాకు మాత్రం ఊరి రణగొణ నుంచి నీటి అంచుకు చేరడమే నచ్చింది.

బౌనెస్‌లో నీటి ఒడ్డునున్న చిన్న చెక్క మండపంలో దారి ముగుస్తుంది. దారిలో ఏడు చోట్ల ముద్రలు వేయించుకునే కార్డు మా దగ్గర ఉంది, అందులో ఏడో ముద్ర వేయించుకుని అక్కడ కూర్చున్నాము. కార్లైల్‌కు తిరిగి వెళ్ళే బస్సులు కొద్దివే. మా బస్సుకు ఇంకా గంటన్నర ఉంది. బూట్లు విప్పి, పోటు వెనక్కు తగ్గుతున్న బురద మీద పక్షులు ముక్కులతో పొడుచుకుంటూ తిరగడం చూస్తూ ఆ గంటన్నర గడిపాము.