లారీ ఇంజిన్ శబ్దం: ఇంటి దగ్గరే చూసుకోవడమా, షెడ్డుకు తోలడమా?

చెన్నై మాధవరంలో ఉండే మా బావ లారీ 'టిక్ టిక్' అంటే చాలు, షెడ్డుకే తోలేవాడు. నన్నడిగితే, కారణం వెతకడం వరకు ఇంటి ముందే నయం. పొద్దున్నే చల్లటి ఇంజిన్ వినొచ్చు. షెడ్డుకు చేరేసరికి అది వేడెక్కిపోతుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగను బయటికి తెచ్చే గొట్టాల జోడు) గాస్కెట్ లీకైతే చల్లగా ఉన్నప్పుడే గట్టిగా టిక్‌మంటుంది, వేడెక్కాక తరచూ తగ్గుతుంది.

ముందు ఆయిల్ మట్టం చూడాలి. తర్వాత ఇంజిన్ ఆపి, ఫ్యాన్ బెల్టు తీసి, అర నిమిషం మాత్రం నడపాలి. శబ్దం పోయిందా, అనుమానం ఆల్టర్నేటర్, వాటర్ పంపు, ఐడ్లర్ (బెల్టును దారిలో నడిపే చిన్న చక్రం) బేరింగుల మీదే. బెల్టు మళ్లీ వేసి, పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఒక్కోదాని బాడీకి, పిడిని చెవికి ఆనించి వింటే ఏదో తేలిపోతుంది. లుంగీ, తువ్వాలు మాత్రం బెల్టుకు దూరం! పాత బండి సామాన్లకు చెన్నైలో పుదుపేట బజారు ఉంది కానీ, బేరింగు కొత్తదే కొనండి.

షెడ్డుకిస్తే ఆ రోజు కిరాయి పోతుంది, మజూరీ వేరు. అయినా లోడు పడ్డప్పుడు లోపల 'దడ్ దడ్'మని బరువుగా మోగితే కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను క్రాంక్‌తో కలిపే కడ్డీ) బేరింగు కావచ్చు. వెంటనే ఆపేసి, వేరే బండితో లాగించుకెళ్లాల్సిందే. కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ అధిక ఒత్తిడితో డీజిల్ పంచే గొట్టం) డీజిల్ పైపులూ ఇంట్లో విప్పొద్దు; నడుస్తున్నప్పుడు ఒత్తిడి 1,000 బార్లు దాటొచ్చు, డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.