గ్లేసియర్ శిక్షణ యాత్ర: కొన్నేళ్లు వాడి చూశాక నా మాట

గైడ్ వెంట గ్లేసియర్ (హిమానీనదం) మీద కొన్ని రోజులుండి, తాడు పని, ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) పని, మంచు పగుళ్లలో పడ్డవాళ్లను పైకి తీసే పద్ధతి నేర్చుకుని, ఆఖర్న ఒక శిఖరం ఎక్కి దిగే శిక్షణ యాత్రల గురించి చాలామంది దిగొచ్చిన వారంలోనే రాసేస్తారు. అప్పటికింకా కాళ్ల నొప్పులు కూడా తగ్గవు. ఫొటోలు చూసుకుంటూ ఐదు నక్షత్రాలు ఇచ్చేస్తారు. నేను కావాలనే కొన్నేళ్లు ఆగాను. ఈలోగా స్నేహితులతో కలిసి, గైడ్ లేకుండా గ్లేసియర్ల మీద నడిచాను. అక్కడ నేర్పినవాటిలో ఏది అక్కరకొచ్చిందో, ఏది నేర్పకుండా వదిలేశారో ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను. ముందే చెప్పేస్తున్నాను, వెళ్లదగ్గ యాత్రే. పెట్టిన డబ్బు వృథా కాలేదు. కాకపోతే ఆ శిక్షణ నా చేతులకు చాలా నేర్పింది, కళ్లకు మాత్రం తక్కువే నేర్పింది.

మొదట నేర్పింది నడక. నడక కూడా ఒకరు నేర్పాలా అనిపిస్తుంది గానీ, ఒక పూటంతా దానికే పెట్టడం మంచిదైంది. క్రాంపాన్లు, అంటే బూట్ల కింద బిగించే లోహపు మొనల చట్రాలు, తొడిగాక అరికాలు మొత్తం మంచుకు ఆనించి, కింది మొనలన్నీ ఒక్కసారే దిగేలా అడుగేయాలి. ట్రెక్కింగ్‌లో బూటు అంచు మీద ఆని నిలబడే అలవాటు ఉన్నవాళ్లకు ఇది ఎదురీతే. పాదాలు కాస్త ఎడంగా పెట్టాలి, లేకపోతే ఒక కాలి మొన రెండో కాలి ప్యాంటులో చిక్కుకుని బోర్లా పడతాం. 1908లో ఆస్కర్ ఎకెన్‌స్టైన్ రూపొందించిన పది మొనల క్రాంపాన్‌కి ముందుకు పొడుచుకొచ్చే మొనలు లేవు. 1929లో లోరాన్ గ్రివెల్ ముందువైపు రెండు మొనలు చేర్చాక నిటారు మంచు మీద మెట్లు నరుక్కునే శ్రమ చాలావరకు తప్పింది. అయినా మా గైడ్ ఆ ముందు మొనలు వాడనివ్వకుండా, పాత పద్ధతిలో అరికాలి అడుగులతోనే ఒక వాలంతా ఎక్కించారు. ముందు మొనల మీద నిలబడితే బరువంతా పిక్కల మీద పడుతుంది, కాసేపటికే కాళ్లు వణుకుతాయి. అరికాలు ఆనిస్తే ఆ బరువు తొడలు మోస్తాయి. తర్వాత పొడవాటి రోజుల్లో నన్ను నిలబెట్టింది ఆ పూట చేసిన సాధనే.

జారితే ఐస్ యాక్స్‌తో ఆపుకోవడం అందరూ ఎదురుచూసే పాఠం. దిగువన రాళ్లు లేకుండా, వాలు దానంతటదే తగ్గిపోయే చోటు చూసి, క్రాంపాన్లు విప్పించి మరీ చేయించారు. సాధనలో మొన మంచులో దిగబడితే చీలమండ విరుగుతుంది కాబట్టి విప్పించి తీరాలి. విప్పించని సంస్థ ఎదురైతే అనుమానించండి. కాళ్లు కిందికి పెట్టి బోర్లా జారడం తేలికే. తల కిందికి, వీపు మంచుకి ఆని జారుతున్నప్పుడే అసలు పరీక్ష. పిక్‌ను, అంటే యాక్స్ తలకున్న కోసు మొనను, పక్కకు గుచ్చి, ఒళ్లు దాని చుట్టూ తిరిగేదాకా ఓర్చుకుని, అప్పుడు ఛాతీ బరువు దాని మీద వేయాలి. గట్టి ఐస్ మీద ఇదేదీ పనిచేయదని కూడా మా గైడ్ దాపరికం లేకుండా చెప్పారు. ఇన్నేళ్లలో నిజంగా జారి ఆపుకోవాల్సిన అవసరం నాకు రాలేదు. రోజూ పనికొచ్చింది మాత్రం అదే పూట నేర్పిన మరో చిన్న సంగతి: యాక్స్ ఎప్పుడూ ఎగువ చేతిలో ఉండాలి, మలుపు తిరిగినప్పుడల్లా ముందు నిలకడగా నిలబడి, చెయ్యి మార్చి, ఆ తర్వాతే అడుగు కదపాలి.

ఇక అసలు సంగతి క్రెవాస్, అంటే గ్లేసియర్‌లోని లోతైన మంచు పగులు. ఈ యాత్రకు వెళ్లడానికి ఇదొక్కటే చాలు.

ముగ్గురు నలుగురు ఒకే తాడుకు కట్టుకుని, మనిషికీ మనిషికీ మధ్య 10 నుంచి 15 మీటర్లు వదిలి నడుస్తారు. ఇద్దరే ఉంటే ఆ దూరం ఇంకా పెంచి, మధ్యలో ముడులు వేస్తారు. ఒకరు పడితే ఆ ముడులు క్రెవాస్ పెదవి దగ్గర మంచులో ఇరుక్కుని పైనున్నవారి మీద భారం తగ్గిస్తాయి. తాడు మంచు మీద కుప్పగా పాకకూడదు, అలాగని ముందువాళ్లను లాగకూడదు. వదులుగా ఉన్న ప్రతి మీటరూ పడేటప్పుడు వేగాన్ని పెంచుతుంది, ఆ వేగాన్ని ఆపాల్సింది వెనకనున్న మనిషి నడుమే.

మమ్మల్ని నిజమైన క్రెవాస్‌లోకే దించారు, పైన గైడ్ వేరే తాడుతో కాపలా ఉండగా. అంచు దాటి కిందికి వెళ్లగానే వెలుగు మారిపోతుంది. పైనున్నవాళ్ల మాటలు సగమే వినిపిస్తాయి. మంచు గోడ మీంచి నీళ్లు చుక్కలుగా పడి చేతి తొడుగులు తడిసిపోతాయి. ముందు వీపు మీది సంచి తీసి నడుముకు కిందుగా వేలాడదీయాలి, లేకపోతే అది మనల్ని వెనక్కి లాగేస్తుంది. ఆ తర్వాత ప్రూసిక్ ముడులతో తాడు మీదే పైకి రావాలి. ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ 1931లో లోకానికి పరిచయం చేసిన ముడి ఇది. బరువు పడితే తాడును పట్టేస్తుంది, బరువు తీస్తే జరుగుతుంది. ఒకటి నడుముకు, ఇంకొకటి పాదానికి. పాదం మీద నిలబడి నడుము ముడిని జరపాలి, కూర్చుని పాదం ముడిని జరపాలి. చెప్పినంతసేపు పట్టదు నేర్చుకోవడానికి. కానీ తడిసిన తొడుగులతో, బరువుకు బిగుసుకుపోయిన ముడిని బొటనవేలితో వెనక్కి నొక్కి వదులు చేయడం మటుకు అక్కడ వేలాడుతూ నేర్చుకోవాల్సిందే. అంచు దగ్గరికొచ్చేసరికి తాడు మెత్తటి మంచును కోసుకుని లోపలికి దిగిపోయి ఉంటుంది. ముడి జరగడానికి చోటుండదు. ఆ చివరి మీటరుకి పట్టిన సమయం కిందనుంచి అక్కడిదాకా రావడానికి పట్టినదానికంటే ఎక్కువ.

పైనున్నవాళ్ల పాఠం ఇంకా కష్టం. పడిన మనిషి బరువు నడుము మీద లాగుతుండగా, యాక్స్ మీద బోర్లా పడుకునే ఒంటి చేత్తో, తాడును కట్టి నిలిపే లంగరు సిద్ధం చేయాలి. లాగే దిశకు అడ్డంగా మంచులో కందకం తవ్వి, పికెట్‌నో (పొడవాటి లోహపు మేకు) యాక్స్‌నో అందులో అడ్డంగా పూడ్చి, దాని నడిమికి వేసిన స్లింగ్ (గట్టి పట్టీ) బయటికి రావడానికి సన్నటి గాడి కొయ్యాలి. లాగే వైపునున్న మంచును అస్సలు తొక్కకూడదు, లంగరును ఆపేది ఆ మంచే. ఆ తర్వాత బరువును మెల్లగా దాని మీదికి మార్చాలి. ఆ క్షణం ఊపిరి బిగబట్టుకుంటాం. ఇంతా అయ్యాక కప్పీల వరస. జెడ్ ఆకారంలో తాడు తిప్పితే లెక్క ప్రకారం మూడింతల బలం వస్తుంది. నిజానికి కారాబైనర్ల (తాడు తగిలించే లోహపు కొక్కేల) దగ్గర, అంచు దగ్గర రాపిడికి అందులో చాలా పోతుంది. అందుకే, కింద ఉన్నవాళ్లకు స్పృహ ఉండి, మిగులు తాడు చాలినంత ఉంటే కొత్త తాడును మడతగా కిందికి వదిలే పద్ధతి నాకు ఎక్కువ నచ్చింది. అంచులో కోసుకుపోయిన పాత తాడుతో పని ఉండదు, కింది మనిషి కూడా చెయ్యి వేయొచ్చు. కొత్త తాడు కింద సంచి గానీ యాక్స్ గానీ పరిస్తే అది మళ్లీ కోసుకోదు. పెట్జెల్ మైక్రో ట్రాక్షన్ లాంటి, వెనక్కి జారనివ్వని చిన్న కప్పీ తర్వాత కొనుక్కున్నాను. నా సామానులో దానంత విలువైన వస్తువు మరొకటి లేదు. అయినా ముందు ముడులతోనే నేర్పించడం సరైన పద్ధతని ఇప్పటికీ అంటాను, కప్పీ చేజారి క్రెవాస్‌లో పడ్డాక మిగిలేవి ముడులే.

మా సంస్థ మీద నా ఫిర్యాదు కూడా ఇక్కడే మొదలవుతుంది. ఈ సాధన రెండు విడతలని ముందు చెప్పారు. శిఖరానికి వాతావరణం ఒక రోజు ముందే కుదిరిందని రెండో విడతను ఎత్తేశారు. మళ్లీ పెడతామన్నారు, పెట్టలేదు. శిఖరం అందింది, ఫొటోలు వచ్చాయి, బృందంలో చాలామంది సంతోషించారు. కానీ మొదటిసారి గైడ్ పక్కన నిలబడి ఒక్కొక్కటీ చెబుతుండగా చేశాం. ఎవరూ చెప్పకుండా మొదటినుంచి చివరిదాకా మేమే చేసుకోవాల్సింది ఆ రెండో విడత. ఆ లోటు తీర్చుకోవడానికి తర్వాత ఇంకో గైడ్‌ని విడిగా పెట్టుకుని ఒక రోజంతా అదే పని చేయాల్సి వచ్చింది.

కళ్లకు తక్కువ నేర్పారన్నది ఇంకా పెద్ద లోటు. ఉన్నన్ని రోజులూ గైడ్ అడుగుల్లో అడుగేసుకుంటూ వెళ్లాం. ఎందుకు ఇటు తిరిగారు, అటెందుకు పోలేదు అన్నది అడిగితే చెప్పేవారు, అడగకపోతే లేదు. సొంతంగా వెళ్లిన మొదటిసారి, ముందు ఎవరి అడుగులూ లేని తెల్లటి వాలు చూసి నిలబడిపోయాను. తాడు పని అంతా వచ్చు, తోవ మాత్రం తెలియదు. గ్లేసియర్ కింద నేల ఉబ్బెత్తుగా ఉన్నచోట, ఎండు కొమ్మను వంచితే పైపొర చిట్లినట్టు, మంచు పైన చీలుతుంది. వాలు ఉన్నట్టుండి నిటారయ్యేచోట, మలుపుల్లో, కొండ గోడకు ఒరుసుకుపోయే అంచుల్లో పగుళ్లు ఎక్కువ. మంచు దగ్గరికి నొక్కుకుపోయే పల్లపు చోట్ల తక్కువ. కొత్త మంచు కప్పేసినా, ఏటవాలుగా పడే వెలుతురులో సన్నటి పొడవాటి గుంటలాంటి నీడ కనిపిస్తే దాని కింద ఖాళీ ఉందని అనుమానించాలి. పగులును దాని పొడవు వెంబడి కాకుండా అడ్డంగా దాటాలి, లేకపోతే తాడుకున్న అందరూ పగులును కప్పిన ఒకే మంచు వంతెన మీద ఉంటారు. ఇదంతా పుస్తకాలు చదివి, అనుభవమున్న స్నేహితుల వెనక నడిచి నేర్చుకున్నాను. గైడ్ పక్కన ఉండగా ఒక్క పూట నన్ను ముందు నడిపించి ఉంటే ఎంత బాగుండేదో!

తల పైన వేలాడే ఐస్ గోపురాల గురించీ అంతే, ఒక్క వాక్యంతో సరిపెట్టారు. 2022 జులై 3న ఇటలీలోని మార్మొలాడా మీద గ్లేసియర్ ముక్క ఒకటి విరిగిపడి 11 మంది చనిపోయారు. ఏ తాడూ ఏ ముడీ ఆదుకోలేని ప్రమాదం అది. అలాంటిదాని కింద ఎంతసేపు ఉండొచ్చు, ఏ వేళ దాటాలి, అసలు దాటాలా అన్న చర్చకు శిక్షణలో చోటుండి తీరాలి. వేసవులు ముదిరేకొద్దీ మంచు వంతెనలు త్వరగా పలచబడుతున్నాయి కాబట్టి ఇప్పుడు ఆ అవసరం మరీ ఎక్కువ.

శిఖరం రోజు గురించి క్లుప్తంగానే చెబుతాను. అర్ధరాత్రి దాటాక లేచి, నుదుటి దీపాల వెలుగులో బయల్దేరాం. రాత్రి చలికి వంతెనలు గట్టిపడతాయి, ఎండెక్కేలోగా వాటిని తిరిగి దాటేయాలి. అడుగుకీ అడుగుకీ మధ్య వెనక కాలి ఎముక మీద బరువు ఆనించి ఒక క్షణం కండరాన్ని వదిలేసే నడక నేర్పారు. గంటల తరబడి అది కాపాడుతుంది. శిఖరం అందంగా ఉంది. కానీ అది ఆ యాత్రలో నాకు అన్నిటికంటే తక్కువ నేర్పిన రోజు.

ఎండ సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఎత్తుకెళ్లేకొద్దీ ప్రతి 1000 మీటర్లకూ అతినీలలోహిత కిరణాలు సుమారు 10 శాతం పెరుగుతాయి. తాజా మంచు వాటిలో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. వెలుగు కిందినుంచీ వస్తుంది. గడ్డం కింద, ముక్కుపుటాల లోపల, నోరు తెరిచి రొప్పితే అంగిలి కూడా కాలుతుంది. పక్కలు మూసిన నాలుగో కేటగిరీ కళ్లద్దాలు తప్పనిసరి. మా బృందంలో ఒకరు మామూలు చలవ కళ్లద్దాలతో వచ్చారు. సాయంత్రానికి కళ్లలో ఇసుక పోసినట్టుందని గుడారంలో గుడ్డ కట్టుకుని పడుకున్నారు, మర్నాటి సాధన మొత్తం పోయింది. బూట్లు అద్దెకు తీసుకుంటే బయల్దేరే ముందే వేసుకుని, క్రాంపాన్ బిగించి, మెట్లు ఎక్కి దిగి చూడండి. మల విసర్జనకు సంచులు ఇచ్చి తిరిగి మోయిస్తారు, రెండో రోజుకి అలవాటైపోతుంది.

నేర్చుకున్నది ఎంతకాలం నిలుస్తుందంటే, వాడకపోతే నిలవదు. ఏడాది ముట్టుకోకుండా ఉండి లంగరు మీదికి బరువు మార్చే వరస గుర్తు చేసుకోబోతే, మధ్యలో ఒక మెట్టు జారిపోయి ఉంటుంది. అందుకే ప్రతి సీజన్‌కి ముందు మేమంతా చెట్టుకి తాడు కట్టి, చేతి తొడుగులు వేసుకుని, మాట్లాడకుండా మొత్తం వరస ఒకసారి చేస్తాం. ఎక్కడ తడబడ్డామో అక్కడ మళ్లీ.

ఎంచుకునేటప్పుడు గైడ్‌కి 1965లో మొదలైన అంతర్జాతీయ పర్వత గైడ్ల సంఘాల సమాఖ్య అర్హత ఉందో లేదో చూడండి, ఆ బిళ్ల ఊరికే ఇవ్వరు. ఒక గైడ్‌కి నలుగురు మించితే మీ చేతికి తాడు వచ్చే సమయం తగ్గిపోతుంది, నేనైతే ఆ సంస్థను వదిలేస్తాను. డబ్బు కట్టకముందే అడగండి: గైడ్ సాయం లేకుండా మేమే క్రెవాస్ రెస్క్యూ మొదటినుంచి చివరిదాకా చేసే పూట ఉందా, శిఖరానికి వాతావరణం కుదిరినా ఆ పూట ఉంటుందా, మమ్మల్ని తాడు ముందు నడిపిస్తారా? మూడింటికీ అవునని రాతపూర్వకంగా ఇచ్చే సంస్థ దొరికితే, శిఖరం చిన్నదైనా సరే, దాన్నే పట్టుకోండి.