తట్టు టీకా: నర్సమ్మకి 5 స్టార్లు, హెల్త్ సెంటర్‌కి 2

పాడేరు వైపు కొండల్లో మా ఊరు. పాపకి 9 నెలలు నిండగానే తట్టు-రుబెల్లా టీకా కోసం బుధవారం రెండు గంటలు నడిచి కింద హెల్త్ సెంటర్‌కి దిగాం. "ఇంకో ఇద్దరు పిల్లలొస్తేనే సీసా తీస్తాం" అన్నారు. సీసా తీసి కలిపిన మందు 4 గంటల్లో వాడెయ్యాలి, లేదంటే పారెయ్యాలి, నిజమే. కానీ ఒక్క బిడ్డ వచ్చినా తియ్యాలనేగా రూలు! వాగు పొంగితే మళ్లీ ఎప్పుడు దిగుతాం? ఒకటే టెన్షన్.

శనివారం నర్సమ్మే ఐస్‌ప్యాకుల పెట్టె భుజాన వేసుకుని కొండెక్కింది. కుడి చేతికి సూది, నోట్లో విటమిన్ ఎ మందు. పైసా తీసుకోలేదు. జ్వరం రావచ్చని ముందే చెప్పింది. మా అత్త మాత్రం "అమ్మవారికి వేపాకులు చాలవా" అని గొణిగింది. ఆవిడ మొదటి బిడ్డ పోయింది తట్టు వెనకాలే వచ్చిన న్యుమోనియాతోనే.

రెండో డోసు 16 నెలలు నిండాక. దానికీ ఆమే రావాలి.